గడ్డం తొండకు గూడు కట్టాలంటే...

అద్దాల తొట్టె చాలదు. ఎండ, వేడి, పొడిగాలి మూడూ కుదరాలి

మొగల్తూరు: తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మన పెద్దలు ఎగతాళికి అంటారు. గత సంక్రాంతికి ఈ విలేకరి ఇంటికి వచ్చిన తొండను చూసి మా వీధివారు ఆ సామెతను కాస్త మార్చారు. "తొండ ముదిరి గడ్డం పెంచిందండోయ్" అని నవ్వుకున్నారు. పండుగ మూడు రోజులూ మా అరుగు మీద పిల్లల సందడి తగ్గలేదు. హైదరాబాదులో చదువుకుంటున్న మా మేనల్లుడు దాన్ని చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో తీసుకొచ్చాడు. జానెడు పొడవు, ఇసుక రంగు, ఒంటికి ఇరువైపులా మెత్తటి ముళ్ళు. దానికి 'బుజ్జి' అని పేరు కూడా పెట్టుకొచ్చాడు.

ఆ ముచ్చట ఉగాది దాకానే నిలిచింది. పచ్చడి తినేవేళకు బుజ్జి కాళ్ళ మీద లేవలేక పొట్టతో పాకుతోంది. మేము చేసిన తప్పేమిటో, దాన్ని ఎలా దిద్దుకున్నామో నలుగురికీ తెలిస్తే మంచిదని ఈ వ్యాసం. ఇప్పుడు పట్నాల్లోనే కాదు, పల్లెల్లో కూడా కుర్రకారు ఫోన్లలో బొమ్మలు చూసి ఇటువంటి పైదేశపు జీవాలను తెచ్చుకుంటున్నారు. తెచ్చుకునేవారు గూటి సంగతి ముందు తెలుసుకోవడం మంచిది.

మన తొండకు చుట్టమే

దీన్ని ఇంగ్లీషులో 'బియర్డెడ్ డ్రాగన్' అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'పొగోనా విట్టిసెప్స్'. పొగోనా అంటే గ్రీకు భాషలో గడ్డమని అర్థం వచ్చే మాట నుంచి పుట్టింది. కోపం వచ్చినా, భయం వేసినా గొంతు కింద తిత్తిని ఉబ్బించి నల్లగా చేస్తుంది. ఆ ముళ్ళ తిత్తే దాని గడ్డం. మన కంచెల మీద తల ఊపే తొండదీ, దీనిదీ ఒకే కుటుంబం. శాస్త్రంలో ఆ కుటుంబాన్ని 'అగామిడే' అంటారు.

దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా తూర్పు భాగంలోని లోపలి మెట్ట ప్రాంతాలు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. ఎండిన చెట్టు మోళ్ళ మీద, కంచె గుంజల మీద ఎండ కాచుకుంటూ కూర్చుంటుంది. పెరిగిన తొండ తోకతో కలిపి 40 నుంచి 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అందులో సగానికి పైగా తోకే. బాగా చూసుకుంటే గూటిలో 8 నుంచి 12 ఏళ్ళు బతుకుతుంది. అంటే ఇంటర్ చదివే కుర్రాడు తెచ్చుకుంటే, వాడికి పెళ్ళయి పిల్లలు పుట్టినా అది ఇంట్లోనే ఉండవచ్చు.

దీనికి కొన్ని విచిత్రమైన అలవాట్లు ఉన్నాయి. తనకన్నా పెద్దది ఎదురైతే ముందు కాలు ఒకటి ఎత్తి నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతుంది. 'నీతో నాకు తగువు లేదు' అని దాని భావం. నడినెత్తిన చిన్న చుక్క లాంటి మూడో కన్ను ఉంటుంది. దానితో బొమ్మలు కనబడవు గాని, వెలుగునీడలు తెలుస్తాయి. పైనుంచి నీడ పడితే గద్ద వచ్చిందని బెదురుతుంది. అందుకే పైనుంచి చెయ్యి పెట్టి పట్టకూడదు. పక్క నుంచి పొట్ట కింద అరచేయి పెట్టి ఎత్తుకోవాలి.

ఆస్ట్రేలియా ప్రభుత్వం తమ దేశపు ఇటువంటి జీవాలను వ్యాపారం కోసం బయటికి పంపనివ్వదు. ఇతర దేశాల్లో ఇళ్ళలో పెరిగేవి తరాల తరబడి గూళ్ళలో పుట్టినవే. అయితే గూటిలో పుట్టినంత మాత్రాన దాని ఒళ్ళు ఎడారిని మరచిపోలేదు. ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.

కిటికీ దగ్గర జరిగిన మోసం

అమ్మిన దుకాణం వాడు మా మేనల్లుడికి చేపలు పెంచే అద్దాల తొట్టె ఒకటి, దోసెడు రంగు ఇసుక, ప్లాస్టిక్ చెట్టు ఒకటి అంటగట్టాడు. 'కిటికీ పక్కన పెట్టండి, ఎండ తగిలితే చాలు' అన్నాడట. సెలవులు అయిపోగానే కుర్రవాడు తొట్టెను మా ఇంట్లో వదిలి కాలేజీకి వెళ్ళిపోయాడు. మేము అతను చెప్పినట్టే తూర్పు కిటికీ దగ్గర పెట్టాము. ఉదయం పూట చక్కటి ఎండ అద్దం గుండా లోపలికి పడేది. బుజ్జి ఆ ఎండలోనే కూర్చునేది. మేమూ సంతోషించాము.

నెల తిరిగేసరికి తిండి తగ్గింది. తరవాత వేళ్ళు అదరడం మొదలైంది. పురుగును పట్టుకుంటే నమలలేకపోయేది. దవడ మీద వేలు పెడితే ఎముక బదులు రబ్బరులా వంగింది. వెనక కాలు ఒకటి వంకర తిరిగింది. మా అమ్మ రోజూ దాన్ని చూసి, "నోరు లేని జీవాన్ని తెచ్చి ఏం పాపం మూటగట్టుకుంటున్నార్రా" అని బాధపడేది.

పరిచయమున్న పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆయన ముందు తొట్టె ఎక్కడ పెట్టారని అడిగారు. చెప్పగానే తల పంకించారు. "అద్దంలోంచి మీకు కనబడేది వెలుగే గానీ, దానికి కావలసిన ఎండ కాదండీ" అన్నారు.

సూర్యకాంతిలో మన కంటికి కనబడని కిరణాలు కొన్ని ఉంటాయి. వాటిని అతినీలలోహిత కిరణాలంటారు. వాటిలో 'యూవీ-బి' అనే రకం చర్మానికి తగిలితే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. తిన్న తిండిలోని సున్నాన్ని, అంటే కాల్షియంను ఒంటికి పట్టించేది ఆ విటమినే. మామూలు కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. వెచ్చదనం వస్తుంది, వెలుగు వస్తుంది, అసలు సరుకు రాదు. అప్పుడు రక్తానికి కావలసిన కాల్షియంను ఒళ్ళు తన ఎముకల నుంచే తోడుకుంటుంది. ఎముకలు మెత్తబడిపోతాయి.

మన జిల్లాలో కోళ్ళఫారాల వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. గుడ్ల కోళ్ళకు మేతలో సున్నం తగ్గితే పెంకు పలచబడుతుంది, కోడి కాళ్ళు పడిపోతుంది. చిన్నపిల్లలకు ఎండ పొడ లేకపోతే దొడ్డికాళ్ళు వచ్చేదీ ఇందుకే. బుజ్జికి వచ్చినది అదే జబ్బు. డాక్టరు గారు మందు ఇచ్చారు. "మందు నేనిస్తాను గాని, గూడు మీరు సరిచెయ్యకపోతే మందు పనిచెయ్యదు" అని కచ్చితంగా చెప్పారు. ఫోనులో మేనల్లుడికి చెబితే ఏడ్చినంత పని చేశాడు. "మావయ్యా, ఎంతయినా సరే, మంచి గూడు చేయించు. నా పండుగ బట్టల డబ్బు నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు.

గూడు కొలతలు

మా వీధి వడ్రంగి మేస్త్రిని పిలిచి కూర్చోబెట్టాము. పెరిగిన తొండ ఒక్కదానికి కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉండాలి. "తొండకింత పెట్టెందుకండీ, ఇందులో రెండు మేకపిల్లలు పడతాయి" అని మేస్త్రి నవ్వాడు. ఇంత పొడవు ఎందుకో తెలిస్తే గూటి సంగతి సగం తెలిసినట్టే.

ఇది మనలా ఒంట్లో వేడి పుట్టించుకునే జీవం కాదు. చలివేస్తే వేడి చోటికి పోవాలి, వేడెక్కితే చల్లటి చోటికి రావాలి. కాబట్టి ఒకే గూటిలో ఒక కొసన ఎండాకాలం, రెండో కొసన శీతాకాలం ఉండాలి. పొట్టి గూటిలో ఒకవైపు బల్బు వేస్తే గూడంతా కాగిపోతుంది. తప్పించుకునే చోటు ఉండదు.

మూడు వైపులా, కిందా ప్లైవుడ్డు, ముందు జరిపే అద్దాల తలుపు పెట్టించాము. అడుగుభాగాన ఒక పక్క కమ్మీలు, పైభాగాన రెండో పక్క కమ్మీలు పెట్టించాము. కింద నుంచి చల్లగాలి వచ్చి, వేడిగాలి పైనుంచి పోతుంది. పెచ్చులు లేవకుండా, తడి పీల్చకుండా చెక్కకు నీటితో కలిపే వార్నిష్ రెండు పూతలు వేయించి, వాసన పూర్తిగా పోయేవరకు ఆరబెట్టాము. నాలుగు వైపులా అద్దమే ఉన్న తొట్టెలో తొండ తన నీడనే ఇంకో తొండ అనుకుని గడ్డం నల్లచేసుకుని పోట్లాడుతుంది. మూడు వైపులా చెక్క ఉంటే మనసు కుదురుగా ఉంటుంది.

గూటిని నేల మీద పెట్టకుండా నడుమెత్తు బల్ల మీద పెట్టాము. పిల్లి, ఎలుక బెడద తగ్గింది. మనిషి వస్తే ఎదురుగా కనబడతాడు గనుక అదీ బెదరడం లేదు. ఒక గూటిలో ఒకటే ఉండాలి. తోడు కోసమని రెండోదాన్ని వేస్తే బలమైనది ఎండచోటు ఆక్రమిస్తుంది. రెండోది తిండి లేక చిక్కిపోతుంది, తోక, వేళ్ళు పోగొట్టుకుంటుంది.

వేడికి లెక్క ఉంది

మన వైపు రొయ్యల రైతు చెరువు గట్టు మీద నిలబడి 'నీరు బాగానే ఉందిలే' అని ఊరుకోడు. ఉప్పు ఎంత, ఆక్సిజన్ ఎంత అని కొలుస్తాడు. ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయని అతనికి తెలుసు. ఈ గూటికీ అటువంటి లెక్కే కావాలి. చేతితో తాకి 'వెచ్చగా ఉంది' అనుకుంటే చాలదు.

తొండ ఎండ కాచుకునే రాయి మీద 38 నుంచి 42 సెంటీగ్రేడు డిగ్రీలు ఉండాలి. రెండో కొసన నీడపట్టున 24 నుంచి 27 డిగ్రీలు చాలు. రాత్రి 20 డిగ్రీల దరిదాపులకు దిగినా ఫరవాలేదు. డెల్టాలో చలికాలం రాత్రులు సాధారణంగా దానికి ప్రమాదమయ్యేంత చల్లగా ఉండవు గనుక రాత్రి బల్బు మాకు అవసరపడలేదు. రాత్రి ఎర్రబల్బు, నీలిబల్బు వేయాలని కొందరు చెబుతారు. అది సరికాదు. దానికి రంగులు బాగా కనబడతాయి. రాత్రి చీకటిగా ఉంటేనే నిద్రపోతుంది.

వేడికి పాతకాలపు గుండు బల్బు గాని, హాలోజన్ బల్బు గాని వాడాలి. ఈనాటి ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుంది కాని వేడి ఇవ్వదు. బల్బును పింగాణీ హోల్డరులో బిగించి, తొండ ఎగిరి అంటుకోకుండా చుట్టూ ఇనుప జాలీ బుట్ట పెట్టాలి. బల్బు కింద మేము కడప నాపరాయి ముక్క వేశాము. మన ఇళ్ళలో గట్ల మీద పరిచే నల్లరాయే. ఉదయం వేడెక్కితే వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. గోళ్ళు అరగడానికీ పనికివస్తుంది. కరెంటుతో కాగే 'వేడిరాళ్ళు' దుకాణాల్లో అమ్ముతారు. వాటి జోలికి పోవద్దు. ఈ జీవానికి వేడి పైనుంచి వస్తే తెలుస్తుంది గాని, పొట్ట కింద కాలుతుంటే త్వరగా లేవదు. పొట్ట కాలిపోయిన తొండలు ఉన్నాయి.

కొలవడానికి రెండు కొసలా రెండు థర్మామీటర్లు పెట్టాము. రాయి వేడి చూడడానికి వర్క్‌షాపుల్లో వాడే తుపాకీ థర్మామీటరు తెచ్చాము. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినదాని వంటిదే గాని అది వేరు, ఇది వేరు. ఇంకొక పరికరం థర్మోస్టాటు. వేడి హద్దు దాటితే బల్బును దానంతట అదే తగ్గిస్తుంది.

మన ఊళ్ళో అసలు ప్రమాదం చలి వల్ల కాదు, వేసవి వల్ల. బయట 40 డిగ్రీలు దాటిన రోజున మిట్టమధ్యాహ్నం బల్బు వేస్తే చల్లకొస కూడా పొయ్యి అవుతుంది. తొండ రాయి మీద కాసేపు నోరు తెరచి కూర్చుంటే అది ఒంటి వేడి వదులుకుంటోందని అర్థం. నీడకు వచ్చాక కూడా నోరు మూయకపోతే గూడు కాగిపోయిందన్న మాట. రోహిణీకార్తెలో మేము బల్బును ఉదయం రెండు గంటలే వేసి ఆపేశాము. గది కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టి, ఫ్యాను వేశాము.

వేడి ఈ జాతి బతుకును ఎంతగా శాసిస్తుందో చెప్పే విశేషం ఒకటి ఉంది. దీని గుడ్లు మరీ వేడిలో పొదిగితే, మగపిల్లలు కావలసినవి ఆడపిల్లలై పుడతాయి. అడవిలో కూడా ఇలా జరుగుతున్నదని 2015లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 'నేచర్' పత్రికలో వెల్లడించారు.

ఎండకు బదులు గొట్టం దీపం

ఇంట్లో యూవీ-బి ఇచ్చే గొట్టం దీపాలు దొరుకుతాయి. పైకి ట్యూబులైటులాగే ఉంటుంది. గూటి పొడవులో సగానికి పైగా వచ్చే ట్యూబును వేడి బల్బు ఉన్న వైపే బిగించాలి. ఎండ కాచుకునే చోటే ఈ కిరణాలూ పడాలి, నీడ కొసన పడకూడదు. ట్యూబుకూ తొండకూ మధ్య అద్దం ఉంటే దీపం వేసినా వేయనట్టే. జాలీ ఉన్నా కొంత తగ్గుతుంది. ఎంత దూరంలో కట్టాలో పెట్టె మీద రాసి ఉంటుంది. అంతకన్నా దగ్గరైతే కళ్ళు దెబ్బతింటాయి, దూరమైతే ఉపయోగం ఉండదు.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఇంకొకటి ఉంది. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది, లోపలి కిరణాలు మాత్రం నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. కంటికి తేడా తెలియదు. కాబట్టి బిగించిన తేదీని ట్యూబు కొసన రాసుకుని, ఏడాదికి ఒకసారి మార్చాలి. వేసవిలో రోజుకు 12 నుంచి 14 గంటలు, చలికాలంలో 10 గంటలు వెలిగితే చాలు. మనం మరచిపోతాము గనుక టైమరు పెట్టడం మేలు.

మొగల్తూరులో ఉండి ఎండ కొనుక్కోవడమేమిటని మా అమ్మ అడిగింది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. అసలు ఎండను మించిన దీపం లేదు. అందుకని జాలీ బిగించిన చిన్న పంజరం చేయించి, ఉదయం 8 గంటల వేళ పెరట్లో అరగంట పెడుతున్నాము. పంజరంలో సగానికి తప్పనిసరిగా నీడ ఉండాలి. అద్దాల తొట్టెను ఎండలో పెడితే మాత్రం నిమిషాల్లో ప్రాణం పోతుంది. పక్కన మనిషి కూడా ఉండాలి. కాకి, పిల్లి, ముంగిస మనకన్నా చురుకైనవి.

డెల్టా చెమ్మతోనే చిక్కు

పుట్టిల్లు మెట్ట, మెట్టినిల్లు చుట్టూ కాలువలు, చెరువులు, పక్కన సముద్రం. పేరుపాలెం వైపు నుంచి గాలి వీస్తే మన గోడలే చెమరుస్తాయి. దీనికి గాలిలో చెమ్మ 30 నుంచి 40 శాతం ఉంటే సుఖం. కొన్నాళ్ళు కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది. రోజుల తరబడి 60 దాటి ఉంటే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. ముక్కు వెంట బుడగలు, నోటిలో జిగురు, ఊపిరి తీస్తే చప్పుడు దాని గుర్తులు.

ముసురు పట్టిన రోజుల్లో మాకు చెమ్మ కొలిచే మీటరు 80 దాటి చూపించింది. కమ్మీలు రెండు చోట్ల ఉండడం అప్పుడే అక్కరకు వచ్చింది. పగలు బల్బు వేడికి గూటిలోని గాలి ఆరుతుంది. నీళ్ళగిన్నె చిన్నది, అదీ చల్లకొసన పెట్టాలి. లోపల కుండీ మొక్కలు, తడి పీచు, నీళ్ళు చిలకరించడం వంటివి మన ప్రాంతంలో పనికిరావు. గూటిని వంటింటికీ స్నానాలగదికీ దూరంగా, గాలాడే గదిలో పెట్టాలి. తుపాను వచ్చి కరెంటు పోతే కంగారు అక్కరలేదు. ఒకటి రెండు రోజులు ఎండ దీపం లేకపోయినా ప్రాణాపాయం లేదు. కాని చల్లబడిన ఒంటికి తిండి అరగదు. కరెంటు వచ్చి ఒళ్ళు వేడెక్కేదాకా మేత పెట్టకూడదు.

అడుగున ఏం పరచాలి?

ఎడారి జీవం కదా అని పిల్ల తొండకు ఇసుక పోస్తే తిండితో పాటు ఇసుకా మింగుతుంది. అసలే ఒంట్లో నలతగా ఉంటే అది పేగులో గడ్డకడుతుంది. మేము రంగు ఇసుక పారబోసి, సగం గరుకు పలకలు, సగం పాత న్యూస్ పేపర్లు పరిచాము. వేసిన పేపరు తీసి కొత్తది వేయడం సులువు. రాసినవాడికి కాస్త చిన్నతనమే గాని, పత్రిక అక్కడా ఒక ఉపయోగానికే వచ్చింది.

ఎక్కడానికి ఎండిన జామకొమ్మ ఒకటి వాలుగా బిగించాము. కొమ్మను ముందు వేడినీళ్ళతో కడిగి బాగా ఎండబెట్టాలి. దాక్కోవడానికి చల్లకొసన పాత ఇంటి గూనపెంకు ఒకటి బోర్లించాము. పైసా ఖర్చులేని ఆ పెంకే బుజ్జికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు. రెట్ట ఏ రోజుకారోజు తీసివేయాలి. చీమల మందు, దోమల చుట్ట, కలరా ఉండలు గూటి దరిదాపుల్లో ఉండకూడదు.

మేత, జాగ్రత్తలు

పిల్లప్పుడు పురుగులు ఎక్కువ, ఆకు తక్కువ. పెద్దయ్యాక ఆకు ఎక్కువ, పురుగు తక్కువ. మునగాకు, గుమ్మడి తురుము, మందారపువ్వు బుజ్జి ఇష్టంగా తింటుంది. మునగాకులో సున్నం దండిగా ఉంటుంది. పాలకూర, తోటకూర మనకు మంచివే గాని వాటిలోని ఆమ్లం సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు. పురుగులకు కాల్షియం పొడి అద్ది పెట్టాలి. పురుగు దాని రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్దది కారాదు.

వరిచేలో మిడతలు పట్టి వేయాలని మన పిల్లలకు బుద్ధి పుడుతుంది. మందు కొట్టిన చేలోని మిడత విషమే. మరీ ముఖ్యంగా మిణుగురు పురుగును పెట్టరాదు. అమెరికాలో ఒక్క మిణుగురును తిని ఈ తొండలు చచ్చిపోయిన సంఘటనలు శాస్త్ర పత్రికలకెక్కాయి. రాత్రివేళ దీపం చూసి గూటిలోకి పురుగు దూరకుండా కమ్మీలకు దోమజాలీ కొట్టించాము.

మనుషులూ జాగ్రత్తపడాలి. ఈ జాతి రెట్టలో 'సాల్మొనెల్లా' అనే సూక్ష్మక్రిమి ఉండవచ్చు. తొండకు ఏమీ కాకపోయినా మనకు విరేచనాలు, జ్వరం తెప్పిస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. గిన్నెలు వంటింట్లో కడగరాదు. అయిదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో, ముసలివారు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఈ ముచ్చట పెట్టుకోకపోవడమే మంచిది.

కొనే ముందు

మా అనుభవంలో జంతువుకు పెట్టిన డబ్బుకన్నా గూటికి, దీపాలకు పెట్టినదే ఎక్కువ. కాబట్టి ముందు గూడు కట్టి, వారం రోజులు బల్బులు వేసి, వేడి, చెమ్మ లెక్కలు కుదిరాయని తేలాక జీవాన్ని తేవాలి. మేము తిరగేసి చేశాము, దెబ్బతిన్నాము. ఆవు, గేదె చూసే వైద్యులందరికీ ఈ జాతి అలవాటు ఉండదు. దీన్ని చూడగల వైద్యుడు ఎక్కడున్నారో ముందే కనుక్కోవాలి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మనకు దూరమేమీ కాదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలోకి ఎక్కిన పైదేశపు జీవాలను పెంచేవారు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలని 2024లో నియమాలు వచ్చాయి. ఆ నమోదు కేంద్ర పర్యావరణ శాఖ వారి 'పరివేష్' ద్వారా జరుగుతుంది. కొనేవారు రసీదు అడిగి తీసుకుని, అటవీశాఖ కార్యాలయంలో ఒక మాట అడిగి తెలుసుకోవాలి. మన ఉడుమును, నక్షత్ర తాబేలును, రామచిలుకను పట్టి పెంచడం మాత్రం నేరమే. ముచ్చట తీరిపోయిందని పైదేశపు జీవాన్ని తోటలో వదిలేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అయితే అది చస్తుంది, లేదా దాని జబ్బు మన జీవాలకు అంటుతుంది.

ఇప్పుడు బుజ్జి

కొత్త గూటిలో దించిన మొదటి రోజు బుజ్జి గూనపెంకు కిందనుంచి కదలలేదు. నాలుగో రోజున నాపరాయి ఎక్కింది. మందు, దీపం, మునగాకు కలిసి వేసవి వెళ్ళేసరికి దవడ గట్టిపడింది. ఇప్పుడు మిడతను కరకర నములుతోంది. వంకరపోయిన వెనక కాలు మాత్రం తిరిగి సరికాలేదు. ఇక కాదని డాక్టరు గారు చెప్పేశారు. ఆ కాలు ఈడ్చుకుంటూ రాయి ఎక్కుతుంటే మా మేనల్లుడు తల తిప్పుకుంటాడు.

ఇంకొక మార్పు కూడా జరిగింది. మా వీధి పిల్లలు ఇదివరకు కొబ్బరి ఈనెకు ఉరి వేసి, కంచెల మీది తొండలను పట్టి ఆడించేవారు. చిన్నతనంలో ఈ విలేకరి కూడా ఆ పని చేసినవాడే. మొన్న ఒక కుర్రాడు ఈనె పట్టుకుని బయలుదేరితే తోటిపిల్లలే ఆపారు. "ఒరేయ్, అది బుజ్జికి చుట్టంరా" అన్నారు. కంచె మీది తొండ తల రెండుసార్లు ఊపి, ఎండలోనే కూర్చుంది.